చూశానని రాయలేకపోయాను

ఇదివరలో నేను రాసినవన్నీ బడిపిల్లల గురించో, ఆదివారపు బడి గురించో రాసినవి. ఈసారి ఒక పాత తెరచాప పడవ గురించి, దానికి మార్చిన కొన్ని ఉక్కు సామాన్ల గురించి రాస్తున్నాను. పొలం పనులు చేసుకునే మనకు దీనితో ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. ఎడ్లబండి కడసీల ఊడి, ధాన్యం బస్తాలతో సహా బండి పక్కకు ఒరిగిపోవడం చూసినవాళ్ళు మాత్రం అలా అనుకోరని నా నమ్మకం.

2023 ఫిబ్రవరిలో నేనూ, నా భార్యా మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళాము. వాడు మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్ అనే ఊరిలో ఉంటున్నాడు. ఆ రాష్ట్రానికి అదే ముఖ్య పట్టణం. అయినా మన కాకినాడతో పోలిస్తే చిన్నదే. చెసపీక్ అనే పెద్ద అఖాతం పక్కన, సెవర్న్ నది ఒడ్డున ఉంది. ఆ దేశపు నౌకాదళానికి అధికారులను తయారుచేసే కళాశాలను 1845లో అక్కడే స్థాపించారు. ఎటు చూసినా పడవలే. చలికాలంలో వాటిని నీళ్ళలోంచి పైకెత్తి, ఇనుప కాళ్ళ మీద నిలబెట్టి, పశువులకు గోనెలు కప్పినట్టు పట్టాలు కప్పి ఉంచుతారు.

అటువంటి వాటిలో ఒకటి మా అబ్బాయి కొన్నాడని మేము వెళ్ళాకగాని తెలియలేదు. 1974లో కట్టిన పడవ, 30 అడుగుల పొడవు. పాతది కాబట్టి వాడి కారు ఖరీదులో నాలుగోవంతుకే వచ్చిందట. ఆ మాట విని నా భార్య, "పడవలు అమ్ముకుని బయటపడ్డ ఇంట్లో మళ్ళీ పడవ కొన్నాడు, చూశారా?" అన్నది. నేనేమీ మాట్లాడలేదు. నాకూ ఇష్టం లేదు. డబ్బు ఒకటి, ఆదివారాలు ఒకటి. పడవ ఉన్నవాడు ఆదివారం గుడికి వస్తాడా అని నా బెంగ. (ఈ రెండో విషయంలో మా వాడు నన్ను తప్పు పట్టించాడు. పని అంతా శనివారాలే చేశాడు. ఆరాధన ఒక్కటీ మానలేదు.)

మా నాన్నగారు సరుకు పడవ నడిపేవారు. దవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాటన్ దొరగారి కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక, మన డెల్టాకు రోడ్ల వంటివి కూడా అయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు, ఇటుక, పెంకు అన్నీ పడవల మీదే వెళ్ళేవి. కెనడా బాప్తిస్టు మిషనరీలు ఆ కాలువల మీదే ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. లారీలు వచ్చాక ఆ పడవలన్నీ ఒడ్డునే శిథిలమైపోయాయి. మా పడవ కూడా అంతే.

అందుచేత అనాపొలిస్‌లో మొదటిసారి ఆ పడవ దగ్గరకు వెళ్ళినప్పుడు నాకు తెలియకుండానే నా కళ్ళు కొయ్య కోసం వెతికాయి. దాన్ని విప్పి, పక్కన దిమ్మల మీద పొడుగ్గా పడుకోబెట్టారు. కొయ్య అన్నానుగాని అది అల్యూమినియం గొట్టం.

ఆ కొయ్య దానంతట అది నిలబడదు. సువార్త కూటాలకు పందిరి వేసినప్పుడు రాటను నాలుగు వైపులనుంచి తాళ్ళతో ఎలా బిగించి కడతామో, అలాగే దీన్ని ఎనిమిది ఉక్కు తీగతాళ్ళు పట్టి ఉంచుతాయి. ముందు ఒకటి, వెనుక ఒకటి, ఒక్కొక్క పక్క మూడేసి. పందిరి తాడు తెగితే ఇంకో తాడు పట్టుకుంటుంది. పడవలో అలా కాదు. గాలి బలంగా ఉన్నప్పుడు, గాలి వచ్చే వైపున్న తీగ ఒక్కటి తెగినా కొయ్య నడిమికి విరిగి నీళ్ళలో పడుతుంది. ఆ తీగ ఒక్కొక్కటి కాలంగుళం లావు మాత్రమే. అయినా తెగడానికి సుమారు మూడు టన్నుల బరువు కావాలి. అందువల్ల తీగ నడిమికి తెగడం అరుదు. తెగేది చివర్లలోనే. అతుకుల దగ్గర, సీలల దగ్గర, మరల దగ్గర.

మా అబ్బాయి వెళ్ళే సంఘంలో ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరున్నారు. జీవితమంతా పడవల తీగలు కట్టే పనిలోనే ఉన్నారట. ఆయన ప్రతి శనివారం వచ్చి మాకు పని చెప్పేవారు. నా ఇంగ్లీషు ఆయనకు, ఆయన ఇంగ్లీషు నాకు సరిగ్గా అందకపోయినా పనిముట్ల భాష ఒక్కటే కదా. మొదటి రోజే నా చేతికి ఒక దూది ఉండ ఇచ్చి, తీగ పొడుగునా తుడవమన్నారు. తెగిన పోగు ఎక్కడైనా ఉంటే దూది అక్కడ చిక్కుకుంటుంది. చేత్తో తడిమితే వేలు చీరుకుపోతుంది. మూడు చోట్ల దూది చిక్కుకుంది.

తీగ చివర ఉక్కు తొడుగు ఒకటి యంత్రంతో నొక్కి బిగిస్తారు. ఆ తొడుగులను ఆయన భూతద్దంతో చూపించారు. కొయ్య పైనున్న చివర్లు బాగున్నాయి. కింది చివర్లలో మూడింటికి పొడుగ్గా వెంట్రుకంత చీలిక, దానిలోంచి ఎర్రటి తుప్పు నీరు. వాననీరు, ఉప్పునీరు తీగ వెంబడి జారి కింది తొడుగులో నిలుస్తాయి. పైదానిలో నిలవవు. అందుకే ఎప్పుడూ కిందివే ముందు పోతాయని చెప్పారు. పది పదిహేనేళ్ళకొకసారి ఈ తీగలన్నీ మార్చాలట. ఈ పడవకు ఎప్పుడు మార్చారో చెప్పేవారు లేరు.

తీగలన్నీ మార్చక తప్పదని తేలింది. పై చివరలు దుకాణంలో యంత్రం మీద చేయించారు. కింది చివరలు కొలత చూసుకుని మేమే చేతితో చేశాము. ఆ తీగలో 19 పోగులుంటాయి. బయటి 12 పోగులను విప్పి, లోపలి 7 పోగుల చుట్టూ చిన్న శంకువు తొడిగి, మళ్ళీ పోగులను దాని మీదుగా అల్లినట్టు సర్ది, పైన మర తొడుగు బిగించాలి. బిగించేకొద్దీ శంకువు మీద పోగులు నొక్కుకుని పట్టేస్తాయి. మొదటిది చేయడానికి నాకూ మా వాడికీ గంటన్నర పట్టింది. ఎనిమిదోది పావుగంటలో అయింది. పెద్దాయన చూసి తల ఊపారు. ఆయన అంతకుమించి మెచ్చుకోరు.

తీగను బిగించడానికి కింద టర్న్ బకిల్ అనే సామాను ఉంటుంది. ట్రాక్టరు ఉన్నవాళ్ళకు దీని సంగతి చెప్పనక్కరలేదు. టాప్ లింకు లాంటిదే. ఒక పక్క కుడి మర, ఒక పక్క ఎడమ మర. మధ్య భాగాన్ని తిప్పితే రెండు చివరలూ దగ్గరకు వస్తాయి. పాతవి స్టీలు మీద స్టీలు మరలు కావడంచేత, గ్రీజు లేక రెండు పూర్తిగా పట్టేసుకున్నాయి. రంపంతో కోయవలసి వచ్చింది. కొత్తవాటికి మధ్య భాగం కంచుది కొన్నాము. కంచులో స్టీలు మర హాయిగా తిరుగుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. ఎనిమిదింటి బిల్లు చూసి నేను నోరు మూసుకున్నాను.

నా పని ఏమిటంటే లెక్క. ముప్పై నాలుగేళ్ళు హాజరుపట్టీ రాసినవాడిని కదా. ఒక నోటుపుస్తకంలో గడులు గీసి ప్రతి సీల, ప్రతి బోల్టు, ప్రతి మర రాశాను. పేరు, ఏ పక్కది, పాతదా కొత్తదా, చివర "చూసినది" అని ఒక గడి. చూసిన ప్రతిదానికీ ఆ గడిలో నా పొట్టి సంతకం. మా మనవరాలు ఆ పుస్తకానికి "తాతయ్య అటెండెన్స్" అని పేరు పెట్టింది.

ఏప్రిల్ మూడో వారానికి దాదాపు అన్ని గడులూ నిండాయి. పడవను నీళ్ళలో దింపడానికి, కొయ్య నిలబెట్టడానికి క్రేను సోమవారం వస్తుందని ఖాయమైంది. ముందే డబ్బు కట్టాము. ఆ రోజు తప్పితే మళ్ళీ మూడు నాలుగు వారాలు ఆగాలి. అంతకుముందు శనివారం సాయంత్రం ఆరు గడులు ఖాళీగా మిగిలాయి. అవి చైన్ ప్లేట్లు.

చైన్ ప్లేటంటే అరచేయి వెడల్పైనా లేని మందపాటి స్టీలు పట్టీ. తీగ పట్టంతా చివరికి దీని మీదే పడుతుంది. పైభాగం డెక్కు మీద కనిపిస్తుంది, దానికే టర్న్ బకిల్ తగిలిస్తారు. మధ్యభాగం డెక్కులోని సందుగుండా దిగుతుంది. కిందిభాగం లోపల గదిగోడకు నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని బయటకు తీయాలంటే లోపలి అలమరలు విప్పాలి, డెక్కు మీది జిగురు కోయాలి. రెండు రోజుల పని.

మా అబ్బాయి చేతిలో టార్చిలైటుతో పైనా కిందా చూశాడు. "తళతళలాడుతున్నాయి నాన్నా. ఆరూ బాగానే ఉన్నాయని రాసెయ్యండి" అన్నాడు.

నేను కలం పట్టుకున్నాను. చెయ్యి ముందుకు వెళ్ళలేదు.

"ఏమైంది నాన్నా?"

"మధ్యలో చూడలేదు కదరా."

"మధ్యలో ఏముంది, అంగుళం ముక్క! డెక్కు మందం అంతే కదా. యాభై ఏళ్ళుగా ఉన్నది సోమవారం దాకా ఉండదా?"

పడవ దింపాక మొదటి వారమే పిల్లలిద్దరినీ ఎక్కిస్తానని వాడు మాట ఇచ్చాడు. నేను అక్కడే బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్నాను. "ఒరే అబ్బాయ్, నీకొక సంగతి చెప్పాలి, కూర్చో" అన్నాను. అది నేను అప్పటికి యాభై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ, నా భార్యకు కూడా చెప్పని సంగతి.

1964 జనవరి. నాకు పదమూడేళ్ళు. మా పడవలో మా నాన్న, చిన్నాన్న, ఇంకో ఇద్దరు కళాసులు. సెలవు రోజుల్లో నేనూ ఎక్కేవాడిని. కొయ్యను పట్టి ఉంచేవి కొబ్బరిపీచు మోకులు. కొయ్య తలకాయ దగ్గర మోకు ఒరుసుకుపోకుండా కీలు పూసిన గోనెగుడ్డ చుట్టేవారు. ప్రయాణానికి ముందు పైకెక్కి ఆ గుడ్డ విప్పి, మోకు చూసి, మళ్ళీ చుట్టడం నా పని. బరువు తక్కువ కాబట్టి నేనే ఎక్కాలి. ఆ రోజు పొద్దున్న చలి. పైకెక్కాను. గుడ్డ బిగుసుకుపోయి ఉంది. కొంచెం తడిమి దిగిపోయాను. "చూశావా?" అని నాన్న అడిగాడు. "చూశాను, బాగానే ఉంది" అన్నాను.

ధాన్యం వేసుకుని లాకులు దాటి గౌతమి పాయలోకి వచ్చాము. కోటిపల్లి ఇంకా దూరముందనగా గాలి తిరిగి గట్టిగా కొట్టింది. పైన ఒక చప్పుడైంది. అంతే. కొయ్య పక్కకు ఒరిగి చిన్నాన్న భుజం మీద పడింది. ప్రాణం పోలేదు, దేవునికి స్తోత్రం. కాని ఎముక సరిగా అతకలేదు. ఆ చెయ్యి మళ్ళీ భుజం పైకి లేవలేదు. గెడ వెయ్యలేడు, తాడు లాగలేడు. రైసుమిల్లులో కాపలా పనికి కుదిరాడు. ఆయనకప్పుడు ఏడాది కొడుకు. ఆ పిల్లవాడు అయిదో తరగతితో బడి మానేసి కూలికి వెళ్ళాడు. నేను ట్రెయినింగు పూర్తిచేసి పంతులునయ్యాను.

గోనెగుడ్డ కింద మోకు నల్లగా కుళ్ళి, గడ్డిలా విడిపోయిందని తర్వాత నాన్న చూపించాడు. మోకు అమ్మినవాడిని తిట్టాడు. చిన్నాన్న ఎవరినీ తిట్టలేదు. ఎవరైనా అడిగితే గాలి వచ్చిందనేవాడు. నాన్న 1987లో, చిన్నాన్న 1995లో ప్రభువునందు నిద్రించారు. ఇద్దరి సమాధుల దగ్గరా నేను నిలబడ్డాను. దేవుని ముందు ఎన్నో రాత్రులు ఒప్పుకున్నాను. మనుషుల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. అబద్ధమాడకూడదని ఎంతమంది పిల్లలకు బల్ల మీద బెత్తం కొట్టి చెప్పానో లెక్కలేదు. సంస్కారపు బల్ల దగ్గర తన్ను తాను పరీక్షించుకోవాలని కాపరిగారు చెప్పిన ప్రతిసారీ అన్నీ పరీక్షించుకుని, ఆ ఒక్క గుడ్డ మాత్రం విప్పేవాడిని కాను.

మా అబ్బాయి చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. నన్ను ఓదార్చలేదు, ప్రశ్నలు వెయ్యలేదు. తర్వాత లేచి స్పానర్ల పెట్టె తెచ్చి లోపలికి దిగాడు. కాసేపటికి కింద నుంచి, "నాన్నా, పైన స్క్రూడ్రైవరుతో బోల్టు తల తిరగకుండా పట్టుకోండి" అని కేక వేశాడు.

మరునాడు ఆరాధన. సోమవారం వాడు ఆఫీసుకు సెలవు పెట్టి క్రేను వద్దని చెప్పాడు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. సాయంత్రానికి ఆరు ప్లేట్లూ బల్ల మీద ఉన్నాయి. నిజం చెప్పాలంటే బయటకు తీశాక కూడా అవి బాగానే కనిపించాయి. డెక్కు మందం ఉన్నచోట మాత్రం గోధుమరంగు చార ఉంది. అంత ఖర్చూ నా మూలాన దండగయిందేమోనని నాకు లోపల గుబులు పుట్టింది.

పెద్దాయన ఎర్రరంగు డబ్బా, తెల్లరంగు డబ్బా తెచ్చారు. ప్లేట్లను శుభ్రంగా కడిగి, చార ఉన్నచోట ఎర్రమందు చల్లి పావుగంట ఆగమన్నారు. తర్వాత గుడ్డతో మొత్తం తుడిచేశారు. ఎర్రదనం ఏమీ మిగల్లేదు. అప్పుడు పైన సున్నంలాంటి తెల్లమందు పలుచగా చల్లారు. మనవలిద్దరూ బల్ల మీద గడ్డాలు ఆనించి చూస్తున్నారు. మొదటి రెండు ప్లేట్లూ తెల్లగానే ఉన్నాయి. మూడోదాని మీద నెమ్మదిగా, ఎవరో లోపలినుంచి ఎర్రకలంతో గీస్తున్నట్టు, అడ్డంగా ఒక గీత లేచింది. వెడల్పులో మూడోవంతు దాకా వచ్చి ఆగింది. అయిదోదానికి ఇంకా పొడుగు, సగం దాటింది. పగుల్లో దూరి దాగిన ఎర్రమందును తెల్లమందు పైకి లాగి చూపిస్తుంది, అంతే. ఆ రెండూ కూడా కొయ్య కొసకు వెళ్ళే తీగలను పట్టేవి. అన్నిటికన్నా ఎక్కువ బరువు వాటి మీదే.

స్టీలుకు తుప్పు పట్టదని మనం గిన్నెలు కొంటాము. అది పూర్తిగా నిజం కాదని అక్కడ తెలుసుకున్నాను. స్టీలులో కలిపిన క్రోమియం గాలి తగిలినప్పుడు పైన కంటికి కనపడని పొర కడుతుంది. ఆ పొర గీసుకుపోయినా గాలి తగలగానే మళ్ళీ కట్టుకుంటుంది. గాలి తగలకుండా, తడి మాత్రం నిలిచి ఉండే ఇరుకు సందులో ఆ పొర నిలవదు. పైన గాలికీ ఎండకూ ఉన్న భాగం మెరుస్తుంది, లోపల పొడిగా ఉన్న భాగం మెరుస్తుంది, మధ్యనున్న అంగుళం మాత్రం చాటున తినిపోతుంది. నీరు రాకుండా పూసిన జిగురే, అది పాతబడి నీరు దూరాక, గాలిని కూడా రానివ్వదు. మా నాన్న కట్టిన కీలు గోనెగుడ్డ కూడా అదే పని చేసింది. మోకును కాపాడుతూ కాపాడుతూనే కుళ్ళబెట్టింది.

మా అబ్బాయి అయిదో ప్లేటును వైసులో బిగించి సుత్తితో ఒక దెబ్బ వేశాడు. వంగలేదు, ఠప్పున రెండు ముక్కలైంది. వాడు ఆ ముక్కలు చేతిలో పట్టుకుని పిల్లల వైపు చూశాడు. ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆరింటినీ మార్చాము. కొంచెం ఎక్కువ మందంతో కొత్తవి ఒక వర్క్‌షాపులో చేయించారు. డెక్కు సందుల్లో నానిన చెక్కను తవ్వితీసి ఎపాక్సీతో నింపాము. ఇదంతా మూడు వారాలు పట్టింది.

ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 29న, మన దేశపు అభిలాష్ టోమీ గారు ఒంటరిగా భూమిని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో రెండోవాడిగా ఒడ్డు చేరారన్న వార్త వచ్చింది. 236 రోజుల ప్రయాణం. అందులో 1988కి ముందు తయారైన నమూనా పడవలే పాల్గొనాలి, దారి చూసుకోవడానికి కొత్త యంత్రాలేవీ వాడకూడదు. అదే పందెంలో 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను ఆయన పడవ కొయ్య విరిచేసింది. వెన్నెముక దెబ్బతిని కదలలేక మూడు రోజులు పడి ఉంటే, ఒక ఫ్రెంచి ఓడ వచ్చి రక్షించింది. అదే మనిషి మళ్ళీ వెళ్ళి పూర్తిచేశాడు. మా మనవరాలు అది విని ఆడవాళ్ళు వెళ్ళరా అని అడిగింది. ఆ పందెంలో మొదటి స్థానం ఆడమనిషిదేనని, 2017లో బయలుదేరి 2018లో తిరిగివచ్చిన మన నౌకాదళపు తారిణి పడవలో ఆరుగురూ ఆడవాళ్ళేనని, వాళ్ళలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగువాళ్ళని వాళ్ళ నాన్న చెప్పాడు. అప్పటినుంచి అది స్పానర్లు మోయడం మొదలుపెట్టింది.

మే నెలలో కొయ్య నిలబెట్టారు. ఇక్కడ ఒక చిన్న గొడవ. కొయ్య అడుగున ఒక నాణెం పెట్టడం పడవవాళ్ళ ఆచారమట. రోమీయుల కాలంనాటిదని పెద్దాయన చెప్పారు. 1962లో లండనులో నది ఒడ్డున దొరికిన రోమను పడవలో కొయ్య అడుగున నాణెం కనబడిందట. అన్యుల ఆచారం మనకెందుకని నేనన్నాను. తేదీ గుర్తుకోసమేనని మా వాడన్నాడు. ఆ సంవత్సరం నాణెం ఒకటి పెట్టారు. నేను పట్టుబట్టలేదుగాని నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివించాను. ఊరకులోను గాలి, ఓడ చుట్టూ తాళ్ళు బిగించడం, మూడో రోజున ఓడ సామగ్రిని తమ చేతులతోనే పారవేయడం, అదంతా ఎన్నోసార్లు చదివిందే. తీగలు కట్టిన చేతులతో చదివితే వేరుగా ఉంది. యెషయా 33వ అధ్యాయంలో కూడా సడలిపోయిన ఓడ తాళ్ళ ప్రస్తావన ఉంది. తీరిక ఉన్నవారు చూడండి.

టర్న్ బకిల్స్ బిగించాక వాటి సీలలు ఊడిపోకుండా చిన్న కాటర్ పిన్నులు వెయ్యాలి. అవి మా మనవరాలు వేసింది. కాళ్ళు కొంచెమే వంచాలి, చుట్టేయకూడదు. లేకపోతే అవసరానికి ఊడిరావు. పైన తెరచాప చిరక్కుండా టేపు చుట్టాలి. అది వేస్తూ పోయింది, నేను వెనకాలే ప్రతిదాన్నీ గోరుతో లాగి చూసి సంతకం పెట్టాను. ఆరు ఖాళీ గడులూ అప్పుడే నిండాయి.

జూనులో అందరం వెళ్ళాము. గాలికి పడవ ఒరిగినప్పుడు నా భార్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేను గాలి వైపు తీగ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అది వీణతీగలా సన్నగా మోగుతోంది. దిగేదాకా చెయ్యి తియ్యలేదు.

ఆగస్టులో మేము తిరిగి వచ్చేశాము. పెట్టెలో, బట్టల మధ్య, మూడో నెంబరు చైన్ ప్లేటు తెచ్చుకున్నాను. విరగనిది, పగిలినది. వచ్చిన రెండోవారం బస్సెక్కి మా తమ్ముడి ఇంటికి, అంటే చిన్నాన్న కొడుకు ఇంటికి వెళ్ళాను. వాడికి అరవై నిండాయి. కొబ్బరి దింపు పనులు మానేసి మనవలను చూసుకుంటున్నాడు. వసారాలో మంచం వేసి కూర్చోబెట్టాడు. 1964 సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. గుడ్డ విప్పలేదని, చూడకుండానే చూశానని చెప్పానని, వాళ్ళ నాన్న చెయ్యి నావల్లే పోయిందని చెప్పాను. వాడు మధ్యలో ఒక్క మాట అనలేదు. చెప్పడం అయ్యాక మా ఇద్దరి మధ్యా చాలాసేపు మాటల్లేవు. ఏం చేయాలో తోచక సంచిలోంచి ఆ ప్లేటు తీసి, ఎందుకు తెచ్చానో కూడా సరిగా చెప్పలేక, వాడి చేతిలో పెట్టాను.

వాడు దాన్ని వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. పగులు ఎక్కడుందో చూపించాను. బొటనవేలి గోరుతో ఆ చోట రెండుమూడుసార్లు రాశాడు.

"పైకి కనబడదే అన్నయ్యా" అన్నాడు.

ప్లేటు మంచం మీద పెట్టి లోపలికి తిరిగి, అన్నయ్య భోజనం చేసి వెళతాడు, అన్నం పెట్టమని మరదలిని పిలిచాడు.